రేకుల కప్పు కింద పాతావిడ, చూరు నీళ్ళ కింద నా భార్య

పురావస్తు శాఖ జిల్లా అధికారి గారి సముఖమునకు,

అనో ద్రోసినా గ్రామ కాపురస్థుడు, ఆ గ్రామపు పూర్వపు పంచాయతీ గుమాస్తా అనెస్తిస్ కరాలాస్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామ శ్మశానంలో తమ కంచె లోపల చిక్కుకొనియున్న నా భార్య ఎవాంథియా ఎముకలను, వానలు ముదరకముందే వెలికి తీసుకొనుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

దిగువ సంతకం చేసిన నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా: మా ఊరికి స్వంత పంచాయతీ ఉన్న రోజుల్లో నేను అక్కడ గుమాస్తాను. తప్పిపోయిన మేకల గురించి, కూలిన గోడల గురించి, రాని డాక్టరు గురించి ఊరందరి అర్జీలూ నేనే రాశాను. ఏ అర్జీ ఏ అరలో నిద్రపోతుందో నాకు బాగా తెలుసు. అయినా మళ్ళీ కలం పట్టానంటే వేరే దారి లేకనే. ఈ విషయమై తమకు ముందు కూడా రాసుకున్నాను. జవాబు రాలేదు. ఆ అర్జీలలో మర్యాద ఎక్కువై విషయం తక్కువైందేమో. ఈసారి విషయమే రాస్తాను.

1. చనిపోయినవారిని మూడేళ్ళు నేలకు అప్పగించి, ఆ మీదట ఎముకలు పైకి తీసి, వైన్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టి, పేరు రాసిన పెట్టెలో సర్ది, ఎముకల గదిలో తమవాళ్ళ పక్కన చేర్చడం మన ఆచారమని తమకు వేరే చెప్పనక్కరలేదు. తమరి ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. ఎవాంథియాకు మొన్న వసంతంతో మూడేళ్ళు నిండాయి. మంచి చెక్కతో పెట్టె చేయించాను. ఎముకల గదిలో మా అమ్మ పెట్టెను కాస్త పక్కకు జరిపి చోటు చేశాను. బతికుండగా వాళ్ళిద్దరికీ పడేది కాదు, ఇప్పుడైనా సర్దుకుంటారని నా ఆశ. కడగడానికి ఆమె అక్క పగోనా ఉంది. ఎముకలు కడుగుతూ పాడవలసిన ఏడుపు పాటలు మా ఊళ్ళో తెలిసినది ఆమె ఒక్కతే. ఆమెకు చూపు తగ్గిపోయింది.

“చూపు లేకపోతే చేత్తో తడిమి కానిస్తాలే మరిదీ” అంటుంది. “గొంతు కూడా పోయిందంటే మాత్రం నా చెల్లికి ఎవరు పాడతారు? నువ్వా?”

నేను పాడలేను. ఆమె గొంతు కూడా రోజురోజుకూ జీరపోతోంది. ఇది తమ దృష్టికి తెచ్చుకొంటున్న మొదటి అంశం.

2. ఎవాంథియాను పాతిపెట్టిన మరుసటి ఏడు, ఆమె వరుస పక్కనే ఇంకొకరికి గొయ్యి తవ్వుతుంటే, రాతిపలకల కింద పాత సమాధి ఒకటి బయటపడింది. అందులో ఒక ఆడమనిషి. తమ శాఖవారు వచ్చి తవ్వకం ఆపించారు. ఆ కొత్త గొయ్యి తవ్వించుకున్న ఇంటివాళ్ళు తమ శవాన్ని మోసుకొని కింద ఊరికి పోయి పాతిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ పాత సమాధి చుట్టూ తమవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, కుంచెలతో మట్టి తుడుస్తూ, గుసగుసగా మాట్లాడుకుంటూ వేసవంతా గడిపారు. మా ఊళ్ళో బతికున్న ఏ ఆడదానికీ అంత మర్యాద దక్కగా నేను చూడలేదు. మేమూ రోజూ వెళ్ళి కంచె పట్టుకుని చూసేవాళ్ళం. సంతోషించాం కూడా. ఆమెకు మేం పెట్టుకున్న పేరు పాతావిడ.

మేయరు మిల్తియాదిస్ మాత్రం ఆమెను రాణి అంటాడు. దానికి కారణముంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ఒకే మునిసిపాలిటీ చేసినప్పుడు ఏ ఊరి పేరు పెట్టాలన్న తగువు తెగలేదు. చివరికి ఎవరూ ఎరగని ఒక ప్రాచీన నగరం పేరు వెతికి తెచ్చి, థిరిస్సా మునిసిపాలిటీ అన్నారు. ఆ నగరం ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు గనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మా పంచాయతీ కార్యాలయం మూసేశారు, నన్ను ఇంటికి పంపారు. పిల్లలు లేరని బడి మూసి, దాని మీద “సందర్శకుల కేంద్రం” అని బోర్డు కట్టారు. దానికి వేసిన తాళం ఇంతవరకు తీయలేదు. ఇన్ని చేశాక నగరం లేని లోటు ఒక్కటే మిగిలింది. ఎముకలు దొరకగానే అది కూడా తీరింది. ఆగస్టులో మేయరు ఉత్సవం పెట్టి, ప్రాచీన కాలపు వేషమని కింద ఊరి ఆడపిల్లలకు దుప్పట్లు చుట్టి, మన రక్తం ఎంత పాతదో మైకులో చెప్పాడు. మా ఊళ్ళో ఆ రోజు కుళాయిలో నీళ్ళు లేవు.

తమ శాఖ తరఫున తవ్వకం చూసుకున్న మిర్తో అనే అమ్మాయి మాత్రం మంచిది. “రాణి కాదు తాతా” అని నాకు నెమ్మదిగా చెప్పింది. “పళ్ళు చూడు ఎలా అరిగాయో. ఇసుక కలిసిన రొట్టె తిని, పొలంలో వంగి పనిచేసిన మనిషి. మీవాళ్ళలాగే.”

3. ఇక కంచె సంగతి. పాతావిడ దొరికిన చోటి నుంచి పాత సమాధులు ఎంతవరకు విస్తరించి ఉన్నాయో తేల్చడానికి తమరు ఒక కాంట్రాక్టరు మనుషుల్ని పంపారు. వాళ్ళు చేతుల్లో చిన్న జెండాలు పట్టుకుని శ్మశానమంతా వరసగా నడుస్తూ, మట్టిపెంకు కనిపించిన ప్రతిచోటా జెండా గుచ్చారు. ఎవాంథియా మీద చామంతులకంటే ఎక్కువ జెండాలు మొలిచాయి. పెంకులు దట్టంగా ఉన్నాయి గనుక ప్రాచీన సమాధులు అక్కడిదాకా ఉన్నాయని రాసుకుని, ఆమె అవతలి నుంచి గీత గీశారు. ఆ గీత వెంబడే కంచె వేశారు.

అయ్యా, ఆ పెంకులు మావి. శవపెట్టెను గోతిలోకి దించాక దాని మీద మట్టిగిన్నె పగలగొట్టడం మా ఊరి పద్ధతి. ఎవాంథియా మీద ఆమె అక్కే పగలగొట్టింది. ఇంట్లో చిక్కుళ్ళు వండే గిన్నె అది. నేను దాచుకుందామనుకున్నాను, పగోనా నా చేతిలోంచి లాక్కుంది. నలభై రోజులకు ఒకటి, ఏడాదికి ఒకటి, పోయినవాళ్ళను తలుచుకునే ఆత్మల శనివారం వచ్చినప్పుడల్లా ఒకటి పగలగొట్టాం. ఆమె మీద ప్రేమకొద్దీ మేం చేసినది ఆమె చుట్టూ ముళ్ళతీగ అయింది.

ఈ సంగతి తమ శాఖకు తెలియదని కాదు. మిర్తో సెలవు నుంచి రాగానే ఒక పెంకు చేతిలోకి తీసుకుని, వెనక మసి చూసి, నా మొహం చూసింది. “తాతా, ఇందులో ఏం వండేవాళ్ళు?” అని అడిగింది. చిక్కుళ్ళన్నాను. ముందు నవ్వు వచ్చింది ఆ పిల్లకు, తర్వాత కళ్ళు తుడుచుకుంది. పొరపాటు జరిగిందని పైకి రాసింది కూడా. ఆమెకు వచ్చిన సమాధానం నాకు చూపించింది: హద్దు గెజిట్‌లో అచ్చయింది గనుక, దాన్ని మార్చాలంటే హద్దులు తేల్చే సంఘం కూర్చోవాలి. సంఘంలో ఖాళీలున్నాయి గనుక సంఘం కూర్చోదు. తర్వాత మిర్తోను వేరే జిల్లాకు మార్చారు. దీనికీ దానికీ సంబంధం లేదని తమరు అంటారు. నేనేమీ అనను.

వెయ్యేళ్ళ కింద ఇక్కడివాళ్ళు పోయినవాళ్ళ మీద గిన్నెలు పగలగొట్టారని అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ పగలగొడుతున్నారని మాత్రం ఎవరికీ తట్టలేదు. మేం ఇంకా ఇక్కడే ఉన్నామన్నది ఏ పటంలోనూ లేదు కాబోలు.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పాతావిడ మీద వాన పడకూడదని స్తంభాలు నాటి రేకుల కప్పు వేశారు. మంచిదే. కప్పుకు వాలు పెట్టారు. వాలు చివర తూము పెట్టి, గొట్టం కిందికి దించారు. ఆ గొట్టం మూతి సరిగ్గా ఎవాంథియా తలవైపు తెరుచుకుంది. వాన పడితే కప్పు మీది నీళ్ళన్నీ ఆమె మీద పడతాయి.

ఎవాంథియా తేమకు భయపడే మనిషి. కీళ్ళనొప్పులు. అక్టోబరు రాగానే మంచం పొయ్యి దగ్గరకు జరిపేది, మోకాళ్ళకు ఉన్ని చుట్టుకునేది, తడి చెప్పులతో నేను లోపలికి వస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేది. చివరి రోజుల్లో నన్ను అడిగింది ఒక్కటే. “నన్ను ఎండ తగిలేచోట పెట్టు అనెస్తీ, గోడ పక్కన వద్దు” అంది. ఎండ తగిలేచోటే పెట్టాను. ఇప్పుడు తమ కప్పు నీడ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆమె మీదే ఉంటుంది.

ఎముకలు నీళ్ళలో నానితే నల్లబడతాయి, మెత్తబడతాయి, చేతికి రావు. ఎముకలు శుభ్రంగా, పసుపుపచ్చగా వస్తేనే పోయిన మనిషి నెమ్మది పొందినట్టు లెక్క. అది మూఢనమ్మకమని తమరు అనవచ్చు. అలాగే అనండి, కానీ గొట్టం తిప్పించండి. మూరెడు పక్కకు తిప్పితే చాలు. ఆ సంగతి తమ కార్యాలయానికి వచ్చి నోటితో అడిగితే, రక్షిత నిర్మాణంలో మార్పు చేయాలంటే ఇంజనీరు అధ్యయనం కావాలని సెలవిచ్చారు. గొట్టం పెట్టేటప్పుడు ఏ అధ్యయనం చేశారో సెలవివ్వలేదు.

నేను ఆమె మీద ఒక రేకు కప్పాను. అనుమతి లేని నిర్మాణమని దాన్ని తీయించారు. తీసినవాడు కావలివాడు కోస్మాస్. బాప్తిస్మం నాడు వాణ్ణి నూనె పూసి ఎత్తుకున్న జ్ఞానతల్లి ఎవాంథియాయే. వాడు రేకు చేత్తో పట్టుకుని నా మొహం చూడలేక నిలబడ్డాడు.

“నన్ను తిట్టు బాబాయ్, పడతాను. కొత్త సంవత్సరం దాకానే నా కాంట్రాక్టు. ఫోటో తీసుకుని పోయారు. రేకు కనిపిస్తే నన్ను తీసేస్తామన్నారు.”

నేను తిట్టలేదు. వాడికి ఇద్దరు పిల్లలు. అప్పటి నుంచి గొట్టం కింద బకెట్టు పెడుతున్నాను. వాన పడినప్పుడల్లా వెళ్తాను, కోస్మాస్ తాళం తీస్తాడు, నిండిన బకెట్టు పారబోసి మళ్ళీ పెడతాను. అనెస్తిస్‌కు మతి పోయిందని కాఫీ కొట్లో అనుకుంటున్నారు. వాళ్ళ పెళ్ళాలు పొడిగా ఉన్నారు, అంటారు మరి.

5. ఇది చాలదన్నట్టు మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది: మూడేళ్ళు నిండినందున ఎముకలు వెంటనే తీసుకొనవలెను, లేనిచో అనాథ ఎముకలుగా భావించి పెద్దగోతిలో కలిపివేయబడును. పెద్దగోతి అంటే ఎవరూ లేనివాళ్ళ ఎముకలు పోసే చోటు. నాలుగు దశాబ్దాలు నాతో కాపురం చేసి, ఊళ్ళో సగంమంది పిల్లలకు జ్ఞానతల్లి అయిన మనిషి అనాథట.

నోటీసు పట్టుకుని కింద ఊళ్ళో మేయరు దగ్గరికి వెళ్ళాను. కూర్చోమని కాఫీ తెప్పించాడు.

“మీరు కూడా గుమాస్తాగా చేసినవారే అనెస్తిస్ గారూ. నోటీసు కంప్యూటరు పంపుతుంది. అందరికీ ఒకటే.”

తవ్వితే ఏమవుతుందని అడిగాను. పురావస్తు శాఖవాళ్ళు కేసు పెడతారన్నాడు, తను కాదన్నాడు. తవ్వకపోతే? తన మనుషులు వచ్చి తవ్వి పెద్దగోతిలో కలుపుతారన్నాడు. మరి వాళ్ళ మీద కేసు పెట్టరా అంటే, అందుకని వాళ్ళు తవ్వరన్నాడు. అయితే నోటీసు రద్దు చేయమన్నాను. రద్దు చేసే మీట కంప్యూటరులో లేదన్నాడు. ఇదంతా అతడు నన్ను ఏడిపించడానికి అనలేదు. నిజంగానే నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు. లేచి భుజం మీద చెయ్యి వేసి చివరికిలా అన్నాడు:

“అయినా మీ ఆవిడ రాణి పక్కన ఉంది. ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?”

ఆ మాటకు నేను అతని మొహాన ఉమ్మి రావలసింది. కాఫీ పూర్తిగా తాగి, నమస్కారం పెట్టి వచ్చాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది.

6. నేను పాత సంగతులకు విరోధిని కాను. పాతావిడ మీద నాకు కక్ష లేదు. ఆమె కూడా ఎవరి ఇంటి మనిషో. అయితే తమ చట్టం ప్రకారం చచ్చిపోయి ఎన్నాళ్ళయితే మనిషికి గౌరవం మొదలవుతుందో తెలియజేయగోరుతున్నాను. ఎవాంథియాకు ఇంకెన్ని వందల ఏళ్ళు పడుతుందో తెలిస్తే ఆమెకు చెప్పుకుంటాను. నా మట్టుకు నాకు అంత వ్యవధి లేదు. గుండె సరిగా లేదు, డాక్టరు వారానికోసారి కూడా కొండెక్కడు.

కావున తమరు దయయుంచి, (అ) హద్దు మార్చనవసరం లేకుండానే ఒక్క ఉదయం పూట కంచె లోపల ఒక్క గొయ్యి తవ్వుకొనుటకు, (ఆ) తమ శాఖ మనిషి పక్కన నిలబడి చూసుకొనుటకు, (ఇ) ప్రాచీన వస్తువేదైనా తగిలినచో వెంటనే ఆపి తమకు అప్పగించెదనని నా వద్ద హామీ వ్రాయించుకొనుటకు ఉత్తర్వులిప్పించ ప్రార్థన. పై మూడింటిలో ఏదీ వీలుకాకున్న, గొట్టము మూతి పక్కకు త్రిప్పించ ప్రార్థన.

ఇంతకుమించి అడుగుటకు నాకు నోరు లేదు. నిలబెట్టినా పడగొట్టినా తమదే భారమని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అనెస్తిస్ కరాలాస్
(పూర్వపు గుమాస్తా, పూర్వపు పంచాయతీ, అనో ద్రోసినా)

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టి, తపాలా బండి వచ్చేదాకా బల్ల మీద ఉంచాను. బండి రాకముందే తమ శాఖ వ్యాను వచ్చింది. కవరు చింపి ఇది రాస్తున్నాను.

పాతావిడను తీసుకుపోవడానికి వచ్చారు. నేలలో తేమ ఎక్కువై ఎముకలు పాడవుతున్నాయట. అత్యవసరమట. అనుమతి వారంలోపలే వచ్చిందని తమ మనిషే ఒకడు, మంచివాడిలా ఉన్నాడు, నాతో చెప్పాడు. దూది పరిచిన పెట్టెలు తెచ్చారు. కోస్మాస్ తాళం తీశాడు.

వ్యాను సంగతి ఎవరు చెప్పారో, పగోనా వైన్ సీసా, తెల్లగుడ్డ పట్టుకుని గోడలు తడుముకుంటూ వచ్చేసింది. ఎవాంథియా కోసమే వచ్చారనుకుంది. కొత్త తలగుడ్డ కట్టుకుంది. “మరిదీ, మొదలుపెట్టారా, నేను లేకుండా మొదలుపెట్టనివ్వలేదు కదా?” అని అడిగింది. కోస్మాసే ఆమె చెయ్యి పట్టుకుని సంగతి చెప్పాడు. నేను తమ మనిషి దగ్గరికి వెళ్ళి, మీరు ఇంతమంది ఉన్నారు, పారలున్నాయి, పక్కనే కదా, ఆమెను కూడా తీసి పుణ్యం కట్టుకోండి అన్నాను. ఆ మాట నేను మోకాళ్ళ మీద పడి అన్నాను. అర్జీలో రాయదగ్గ సంగతి కాదు, అయినా రాస్తున్నాను.

“మీ ఆవిడకు మా దగ్గర కాగితం లేదు పెద్దాయనా” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని లేపి, ప్యాంటుకు అంటిన మట్టి కూడా దులిపాడు.

పెట్టెలు మోసుకుంటూ బయటికి వస్తుంటే పగోనా దారికి అడ్డం నిలబడింది. తోసేస్తుందేమో, శపిస్తుందేమో అనుకున్నాను. పెట్టె మీద చెయ్యి వేసి తడిమింది. తర్వాత గొంతెత్తింది. మూడేళ్ళుగా చెల్లి కోసం దాచుకున్న గొంతు.

“పోతున్నావా పేరు లేని తల్లీ, పొడినేలకు పోతున్నావా,
నిన్ను కడిగే చేతులేవి, నిన్ను పిలిచే నోరేది,
నీ పొరుగింటి పిల్ల ఉంది, తడిగుడ్డలతో ఉంది,
చూసి వెళ్తే చెప్పవమ్మా, అక్క గుమ్మంలోనే ఉందని.”

మోసేవాళ్ళు ఆగిపోయారు. ఆమె సీసా మూత తీసి పెట్టె మీద కాస్త వైన్ చల్లింది. ఎవరూ వద్దనలేదు. “ఆవిడకూ ఒక అక్క ఉండే ఉంటుంది కదా” అంది నాతో. ఆ తర్వాత మాట రాలేదు. ఇప్పటికీ రాలేదు. గొంతు పూర్తిగా పోయిందని మా చర్చి గురువు పాపా గారు అంటున్నారు. ఎవాంథియాకు పాడవలసినది ఆ పరాయిమనిషికి చెల్లిపోయింది.

వ్యాను వెళ్ళిపోయింది. కప్పు మాత్రం ఉంది, గొట్టమూ ఉంది, వాటికి ప్రత్యేకంగా ఉత్తర్వులు కావాలట. మబ్బు పట్టింది.

అక్కడ అందరూ ఏడ్చారు, కోస్మాస్ కూడా. నాకు ఏడుపు రాలేదు. దూదిలో పడుకుని పొడి గదికి పోతున్న ఆ మనిషిని చూసి అసూయపడ్డాను. ఎన్నో వందల ఏళ్ళ కింద చచ్చిపోయిన ఆడమనిషి మీద, పళ్ళరిగిపోయిన ఒక కూలిమనిషి మీద, అసూయపడే గతికి నన్ను తెచ్చారు అయ్యా. ఇది ఏడో అంశంగా నమోదు చేసుకోండి.